వెబ్‌సైట్‌లో లోపాలు ఎలా చెప్పాలి: స్క్రీన్‌షాట్ మీద గీసా, నోట్ రాసా, పక్కన కూర్చునా?

మా పిన్ని కొడుకు వాళ్ల ఊరి గ్రంథాలయానికి వెబ్‌సైట్ తయారు చేశాడు. వాడికదే మొదటిది. "చూసి చెప్పు అక్కా, మొహమాటపడకు" అని లింకు పంపాడు. నా ఉద్యోగమే ఇది కాబట్టి వెంటనే ఫోన్‌లో తెరిచి, స్క్రీన్‌షాట్ తీసి, ఏడు చోట్ల ఎర్రగా సున్నాలు చుట్టి వాట్సాప్‌లో పెట్టాను. సాయంత్రం ఫోన్ చేశాడు. "నా ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే ఉందక్కా. నువ్వు చుట్టినచోట తప్పేంటో తెలియట్లేదు."

ఎక్కడో చూపించాను కానీ, ఏమిటో చెప్పలేదు.

అలాగని స్క్రీన్‌షాట్‌ని తక్కువ చేయను. "రాష్ట్రస్థాయి వ్యాసరచన పోటీ" అన్న హెడింగ్‌లో ష్ట్ర కింద ఒత్తులు సగానికి తెగిపోయాయి. ఇది ఎన్ని మాటల్లో రాసినా బొమ్మ చూపించినట్టు ఉండదు. కానీ కారణం బొమ్మలో లేదు. ఇంగ్లీషు కోసం తయారైన టెంప్లేట్‌లో (పేజీ నమూనాలో) చిన్న తెరలకి లైన్ హైట్, అంటే వరసకి ఇచ్చే ఎత్తు, అక్షరాల సైజుకి 1.1 రెట్లు అని ఉంది, పెట్టె దాటింది కనబడకుండా చేసే సెట్టింగూ ఉంది. ఒత్తు మీద ఒత్తు దిగే తెలుగుకి ఆ చోటు చాలదు. ల్యాప్‌టాప్‌కి వేరే కొలత ఉండటంతో వాడికి అసలు కనబడలేదు.

ఇంకొకటి, హెడింగులు అలుక్కుపోయినట్టున్నాయి. ఘ, ఫ లాంటి అక్షరాల్లో సందులు పూడిపోయాయి. వాడు ఎంచుకున్న మండలి ఫాంట్‌కి బోల్డ్ లేదు. బోల్డ్ అడిగితే బ్రౌజరే అక్షరాలకి మందం పూసి చూపిస్తుంది. ఇది తెలియనివాడికి "హెడింగ్ మసకగా ఉంది" అని గీసి పంపితే సైజు పెంచుతాడు, రంగు మారుస్తాడు, ఏదీ కుదరక విసుగెత్తిపోతాడు.

ఇక మార్కప్, అంటే ఏది హెడింగో ఏది బటనో బ్రౌజర్‌కి చెప్పే కోడ్, దాని సంగతికొస్తే స్క్రీన్‌షాట్ పూర్తిగా చేతులెత్తేస్తుంది. పేజీ భాష ఇంగ్లీషు అని రాసి ఉంది, అందువల్ల తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు ఎంచుకోకపోవచ్చు. హెడింగులన్నీ పెద్ద అక్షరాల డివ్‌లే, అంటే తాము హెడింగులమని కోడ్‌లో చెప్పని ఉత్త పెట్టెలే. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడే అంధ పాఠకులు హెచ్ కీ నొక్కుతూ ఒక హెడింగ్ నుంచి ఇంకో హెడింగ్‌కి వెళతారు, ఇక్కడ వాళ్లకి ఒక్కటీ దొరకదు. పుస్తకం వెతికే బటన్ కూడా డివ్వే, ట్యాబ్ కీతో దాని దగ్గరికి చేరలేం. ఫొటోలో మాత్రం ఇవన్నీ చక్కగా ఉంటాయి. గ్రంథాలయం సైట్‌లో పుస్తకం వెతుక్కోలేకపోవడం నాకు ఒత్తులు తెగడం కంటే పెద్ద తప్పు.

అందుకే రెండోసారి నోట్ రాశాను. అందులో ఒక ముక్క ఇదీ: "పుస్తకాల పేజీలో రచయిత పేర్ల రంగు #999 (లేత బూడిద). తెలుపు మీద దాని కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగులో తేడా) 2.85:1. మామూలు సైజు అక్షరాలకి డబ్ల్యూసీఏజీ (వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండటానికి పెట్టిన ప్రమాణాలు) కనీసం 4.5:1 అడుగుతుంది. #767676 పెడితే 4.54 వస్తుంది, ఇంకా ముదురైతే ఇంకా మంచిది." "రంగు బాగాలేదు" అంటే నా ఇష్టానికీ వాడి ఇష్టానికీ గొడవ అయ్యేది. అంకె ఉంటే వాడే కొలిచి చూసుకుంటాడు.

నోట్‌కీ ఒక ఇబ్బంది ఉంది. ఇరవై పాయింట్లు వరసగా చదివితే ఎవరికైనా పరీక్ష పేపర్ దిద్ది చేతిలో పెట్టినట్టుంటుంది, ఏది ముందు చేయాలో తెలియక టెన్షన్ పడతారు. అందుకని పాఠకుడిని అడ్డుకునేవి ముందు రాశాను, కంటికి ఇబ్బంది పెట్టేవి తర్వాత. చివర్లో నా అభిరుచికి సంబంధించినవి "ఇది నా ఇష్టం మాత్రమే" అని చెప్పి మరీ రాశాను. మూసెయ్యని ట్యాగులు, రెండుసార్లు వాడిన ఐడీల లాంటివి మనిషి వెతకక్కర్లేదు, కోడ్‌లో తప్పులు పట్టే డబ్ల్యూ3సీ వాలిడేటర్ చెప్పేస్తుంది. బొమ్మకి ఆల్ట్ (బొమ్మ చూడలేనివాళ్లకి మాటల్లో ఇచ్చే వివరణ) లేదనీ చెబుతుంది, ఉన్న ఆల్ట్‌కి అర్థముందో లేదో మాత్రం మనమే చూడాలి.

పక్కన కూర్చుని మాట్లాడితే వచ్చే లాభం వేరు. పేజీ పైన వేళల పెట్టె మరీ పెద్దగా ఉందని అన్నాను. "గ్రంథాలయానికి వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవాళ తెరిచారా అని అడగడానికే అక్కా" అన్నాడు. ఆ పాయింట్ కొట్టేశాను. నోట్‌లో రాసి పంపితే పెద్దదాన్ని చెప్పాను కదా అని ఆ పెట్టె తగ్గించేసేవాడు. అయితే ఎదురుగా ఉన్నప్పుడు కూడా మనవాళ్లు పెద్దల మాటకి ఒప్పుకోకపోయినా "సరే" అంటారు, పైగా మాటల్లో చెప్పింది వారానికి సగం గుర్తుండదు.

కోడ్ మనమే సరిచేసి పంపడం అన్నిటికంటే తొందరగా అయ్యే పని. రేపు ప్రారంభోత్సవం అయితే చేస్తాను. నేర్చుకుంటున్నవాడికి చేయను.

కాబట్టి నా వరస ఇది: ముందు అరగంట మాట్లాడటం, ఆ తర్వాత నోట్, కంటికి కనిపించే లోపాల పక్కన స్క్రీన్‌షాట్. ఒక్కటే ఎంచుకోమంటే నోటే.

వెతికే బటన్ మర్నాడే సరిచేశాడు. ఫాంట్ మార్చమని నోటో సాన్స్ తెలుగు పేరు రాశాను, దానికి బోల్డ్ ఉందని. మండలి వదలడం వాడికి ఇష్టం లేదు. హెడింగులకి బోల్డ్ తీసేసి, సైజు పెంచి, దాన్నే ఉంచుకున్నాడు. ఇప్పుడు ఘ, ఫ రెండూ విడివిడిగా, శుభ్రంగా కనిపిస్తున్నాయి.