ఫాంటసీ సినిమాకి అభిమానుల డబ్బు: మొత్తం వస్తేనే తీసుకోవాలా, వచ్చినంత తీసుకోవాలా?

షార్ట్ ఫిల్ములు తీసి పెద్ద సినిమాకి సిద్ధమవుతున్నవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. కథలో రెక్కల గుర్రం ఉంటుంది, నిర్మాత దొరకడు. క్రౌడ్ ఫండింగ్‌కి, అంటే చాలామంది దగ్గర కొంచెం కొంచెం డబ్బు పోగుచేసే వెబ్‌సైట్లకి వెళ్తే, కిక్‌స్టార్టర్‌లోలా లక్ష్యం చేరితేనే డబ్బు చేతికొచ్చే పద్ధతి మేలా, ఇండీగోగో అలవాటు చేసినట్టు వచ్చినంత ఉంచుకోవడం మేలా?

ఎక్కువమంది రెండోదానివైపే మొగ్గుతారు. నలభై లక్షలు అడిగితే పదిహేనే వచ్చినా, ఆ పదిహేనైనా మిగులుతాయి కదా అంటారు. కుటుంబ కథకైతే నేనూ సరే అంటాను. లొకేషన్లు తగ్గించుకుని, తెలిసినవాళ్ల ఇంట్లోనే షూట్ చేసి ఎలాగో గట్టెక్కొచ్చు. ఫాంటసీకి ఆ వెసులుబాటు లేదు. అసలు ఖర్చు షూటింగ్ అయ్యాకే మొదలవుతుంది.

ఒక్క షాట్ తీసుకోండి. హీరోయిన్ గ్రీన్ మ్యాట్ ముందు నిలబడి, కర్రకు గుచ్చిన టెన్నిస్ బంతిని చూస్తూ గుర్రంతో మాట్లాడుతుంది. సెట్లో అది కాసేపటి పని. ఆ తర్వాత కెమెరా కదలికను ట్రాక్ చేయాలి. ఎగిరే జుట్టును ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ రోటో చేయాలి, అంటే అంచు గీసి వెనకున్నదాని నుంచి విడదీయాలి. గుర్రాన్ని తయారుచేసి కదిలించాలి. దాని ఒంటిమీద వెలుతురు ఆమె ముఖం మీది వెలుతురుతో కలవాలి. సెకనుకు 24 ఫ్రేములు. మధ్యలో డబ్బు అయిపోతే మిగిలేది బంతితో మాట్లాడే అమ్మాయే. దాన్ని డబ్బిచ్చినవాళ్లకు ఏ ముఖం పెట్టుకుని చూపిస్తాం?

అందుకే నా ఓటు మొదటి పద్ధతికే. లక్ష్యం చేరకపోతే కిక్‌స్టార్టర్ ఎవరి కార్డు నుంచీ పైసా తీసుకోదు, మీరూ ఎవరికీ బాకీ పడరు. 2019లో 'ది లెజెండ్ ఆఫ్ వాక్స్ మకీనా' అనే ఫాంటసీ యానిమేషన్ కోసం దాని బృందం కిక్‌స్టార్టర్‌లో 7.5 లక్షల డాలర్లు అడిగితే 88 వేలకు పైగా అభిమానులు దాదాపు 1.14 కోట్ల డాలర్లిచ్చారు. ఏళ్ల తరబడి ప్రతి వారం వాళ్లు ఆన్‌లైన్‌లో ఆడే ఫాంటసీ కథల ఆట చూసిన ప్రేక్షకులు వాళ్లకున్నారు కాబట్టి ఆ అంకె మనకు కొలమానం కాదు. ఆ 7.5 లక్షలు వాళ్లు అడిగింది 22 నిమిషాల యానిమేషన్‌కే అన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

ఇబ్బంది లేకపోలేదు. భారత్‌లో ఉండేవాళ్లు కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టలేరు. అమెరికాలోనో మరో అర్హత ఉన్న దేశంలోనో ఉన్న మనవాళ్లు భాగస్వామిగా కావాలి. డబ్బు వాళ్ల ఖాతాకే వెళ్తుంది, పన్ను లెక్కలూ అక్కడే మొదలవుతాయి. ఎంత దగ్గరివాళ్లయినా ముందే కాగితం రాసుకోండి. కిక్‌స్టార్టర్ తీసుకునే 5 శాతం ఫీజు, దానిపైన పేమెంట్ ఛార్జీలు కూడా లక్ష్యంలోనే కలపండి.

వాటాలిచ్చి తీసే దారీ ఉంది. కన్నడ 'లూసియా' (2013) 110 మంది పెట్టుబడితో వచ్చింది. తెలుగులో 'మను' (2018)కి 115 మంది కలిసి కోటి రూపాయలు సమకూర్చారు. కానీ కంపెనీ పెట్టి షేర్లిస్తే ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌కి (ఎంచుకున్న కొద్దిమందికే షేర్లు అమ్మడానికి) ఏడాదికి 200 మంది పరిమితి ఉంది కాబట్టి సీఏని కలవకుండా అడుగేయొద్దు. పేట్రియాన్‌లాంటి నెలవారీ చందాలు స్క్రిప్టుకీ, కాన్సెప్ట్ ఆర్ట్‌కీ సరిపోతాయి, అంతే.

ఏ దారిలో వెళ్లినా అంకె ప్రకటించేముందు షాట్ల లిస్టు పట్టుకుని సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) స్టూడియో నుంచి కొటేషన్ తీసుకోండి. ఒక్కో షాట్‌కి ఎన్ని కరెక్షన్లు ఆ రేటులోనే చేస్తారో అందులో రాయించుకోండి.