రీసెర్చ్ ఎక్కడ చేయాలి: కోరుకున్న స్పెషాల్టీలోనా, పని పూర్తయ్యే చోటా?

అమెరికాలో మెడికల్ స్కూల్లో చేరిన కొత్తలోనే మొదలయ్యే టెన్షన్ ఇది. రేపు రెసిడెన్సీకి, అంటే మన పీజీ లాంటి శిక్షణకు, ఆర్థోలోనో డెర్మటాలజీలోనో అప్లై చేయాలనుకుంటే రీసెర్చ్ ఇప్పట్నుంచే అందులోనే చేయాలా, దొరికిన మంచి ప్రాజెక్టు ఏదైనా పట్టుకోవచ్చా? 2022 జనవరి నుంచి స్టెప్ 1 పరీక్షకు (అక్కడి డాక్టరు లైసెన్సు పరీక్షల్లో మొదటిది) మార్కులు పోయి పాస్, ఫెయిల్ మాత్రమే మిగిలాక ఈ బెంగ ఇంకా ఎక్కువైంది.

మొదటి రెండేళ్లలో అయితే నా ఓటు పూర్తయ్యే ప్రాజెక్టుకే, అది ఏ బ్రాంచిదైనా సరే. పాత కేసుల రికార్డులు తిరగేసి డేటా తీయడం, ఐఆర్‌బీ (పరిశోధన నైతికంగా ఉందో లేదో చూసే కమిటీ) అనుమతి తెచ్చుకోవడం, స్టాటిస్టిక్స్, రివ్యూయర్లు పెట్టే కొర్రీలకు ఓపిగ్గా జవాబులు రాయడం, ఇవి ఒకసారి చేతికొస్తే ఎక్కడికి వెళ్లినా పనికొస్తాయి. పైగా మూడో ఏడు ఒక్కో విభాగంలో కొన్నాళ్లు పనిచేసే రొటేషన్లలో మనసు మార్చుకునేవాళ్లు బోలెడుమంది.

అలాగని స్పెషాల్టీ రీసెర్చ్‌ని తీసిపారేయలేం. ఫ్యామిలీ మెడిసిన్‌కి ఇంత తతంగం అక్కర్లేదు గానీ న్యూరోసర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ, డెర్మటాలజీల్లో పోటీ వేరు. 2022 మ్యాచ్ (రెసిడెన్సీ సీట్ల కేటాయింపు) లెక్కల్లో న్యూరోసర్జరీ సీటు వచ్చిన అమెరికా ఎండీ (అక్కడ అది మన ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ) విద్యార్థులు చూపించిన రీసెర్చ్ సగటు 25 దాటింది. చూసి గుండె జారిపోనక్కర్లేదు, అవన్నీ అచ్చయిన పేపర్లు కావు, అబ్‌స్ట్రాక్టులు, పోస్టర్లు, ప్రజెంటేషన్లు కూడా కలిపే లెక్కేస్తారు, కాబట్టి ఒకే పనిని రెండు సదస్సుల్లో చూపించి తర్వాత పేపరుగా వేస్తే మూడు కింద పడుతుంది.

నన్నడిగితే స్పెషాల్టీలో చేయడం వల్ల అసలు లాభం పేపరు కాదు, మనుషులు. ఏడాది పాటు మన పని కళ్లారా చూసిన డాక్టరు రాసే సిఫార్సు లేఖ బరువే వేరు, చిన్న స్పెషాల్టీల్లో ఆ సంతకం ఎవరిదో చదివేవాళ్లకు తెలిసే ఉంటుంది కూడా. అందుకే పోటీ ఎక్కువున్న బ్రాంచి అని గట్టిగా తేల్చుకున్నవాళ్లు మాత్రం ఆలస్యం చేయకుండా ఆ డిపార్ట్‌మెంట్ తలుపు తట్టాలి.

తట్టే ముందు అక్కడి సీనియర్లను ఒక్క మాట అడగండి: మీరు చేరాలనుకున్న డాక్టరు దగ్గర ఇదివరకు చేరినవాళ్లలో ఎంతమంది పేపరు బయటికొచ్చింది? మెయిల్‌కి నెల దాటాక జవాబిచ్చే పేరున్న సర్జన్ దగ్గర పేపరు రచయితల్లో పదకొండో పేరుగా మిగిలితే, ఇంటర్వ్యూలో ఆ పేపరు గురించి అడిగినప్పుడు నీళ్లు నమలాల్సి వస్తుంది.