ఫోన్ చేయాలా, కంపెనీ పేజీలో రాయాలా, 1915కి చెప్పాలా?

మా వీధిలో ఎవరింట్లో మిక్సీ మొరాయించినా, కూలర్ తిరగకపోయినా నన్నే అడుగుతున్నారు: "అక్కా, కంప్లైంట్ యాడ పెట్టాల?" ఏప్రిల్‌లో మా ఫ్రిజ్‌తో నేను పడిన పాట్లు అందరూ చూశారు మరి. ఒక్కొక్కరికీ గేటు దగ్గర నిలబడి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

పోయిన జూన్‌లో అనంతపురం సుభాష్ రోడ్డులో కొన్న ఫ్రిజ్ అది. ఫ్రాస్ట్ ఫ్రీ రకం, మంచు పట్టకూడదు. కానీ పైన ఫ్రీజర్‌లో మంచు గోడలా పేరుకునేది, కింద అరలో పాలు మధ్యాహ్నానికే విరిగిపోయేవి.

ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. మొదటి రిపేరుకు అదే సరైన దారి, కాదనను. అప్పటికప్పుడు కంప్లైంట్ నంబర్ ఇస్తారు, మనిషిని పంపిస్తారు. చిక్కంతా రెండోసారి నుంచి. వచ్చిన అబ్బాయి ఫ్రిజ్ ఆపి, మంచు కరిగించి, "ఇంకేం కాదక్కా, ఓటీపీ చెప్పండి" అన్నాడు. చెప్పేశాను. ఓటీపీ చెప్పడమంటే పని అయిపోయిందని సంతకం పెట్టినట్టే అని అప్పుడు తెలియలేదు. మీరు మాత్రం వస్తువు ఒక రోజు సరిగ్గా నడిచాకే చెప్పండి. నాలుగో రోజుకు మళ్లీ అదే మంచు. ఫోన్ చేస్తే "పాతది క్లోజ్ అయింది మేడమ్, కొత్తది రాస్తాం" అన్నారు. ఇంకో మనిషి వచ్చాడు, మళ్లీ మంచు కరిగించి వెళ్లాడు. ఎప్పుడు చేసినా కొత్త గొంతు, కథంతా మొదటి నుంచి చెప్పాలి. నేను చెప్పినదాంట్లో వాళ్లు ఏం రాసుకున్నారో నాకు కనపడదు.

నా వరకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే: జరిగిందంతా ఎవరి దగ్గర రాతలో ఉంది? ఫోన్ చేస్తే వాళ్ల దగ్గరే ఉంటుంది. మనం రాస్తే మన దగ్గరా ఉంటుంది.

అందుకని ఆన్‌లైన్‌లో కంపెనీ సొంత పేజీలో, మిగతా కస్టమర్లు కూడా చూసే చోట రాశాను. మొదట కోపంలో "మోసం, ఎవరూ కొనకండి" అని రాశాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే రెడీమేడ్ జవాబు ఒకటి వచ్చింది, అంతే. మళ్లీ చదువుకుంటే నాకే అర్థమైంది, దాన్ని చూసి అక్కడి ఉద్యోగి చేయగలిగిన పని ఒక్కటీ లేదు. మా మరిదిని అడిగి, రెండోసారి ఇలా రాశాను:

"ఫలానా మోడల్, జూన్‌లో కొన్నాను, వారంటీలో ఉంది. ఫ్రీజర్‌లో మంచు పేరుకుంటోంది, కింద చల్లబడటం లేదు. కంప్లైంట్ నంబర్లు ఇవి. రెండుసార్లూ మంచు కరిగించి వెళ్లారు, ఏ పార్టూ మార్చలేదు. డీఫ్రాస్ట్ హీటర్, సెన్సార్ చూసి, పాడైంది మార్చాలి. శుక్రవారం లోపు ఎవరు వస్తారో చెప్పండి."

కింద మంచు ఫోటో పెట్టాను. మర్నాడు సర్వీస్ మేనేజరే ఫోన్ చేశాడు. గురువారం, పేరుకున్న మంచును కరిగించే ఆ హీటర్ మార్చారు. ఏం జరిగింది, ఇంతవరకు ఏం చేశారు, మనకేం కావాలి, ఎప్పటిలోగా: ఈ నాలుగూ ఉంటే చదివినవాళ్లు పక్క డిపార్ట్‌మెంటుకు అలాగే పంపేయవచ్చు. తిట్లను ఎవరికి పంపుతారు?

అందరూ చూసే చోట ఫోన్ నంబర్, బిల్లు, ఇంటి అడ్రస్ మాత్రం పెట్టకండి. అవి ప్రైవేటు మెసేజ్‌లోనే ఇవ్వాలి, అదీ కంపెనీ అసలు ఖాతాయేనని చూసుకున్నాకే. ఇలాంటి పోస్టుల కింద కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు పెట్టేవాళ్లు ఉంటారు. లింకు నొక్కమన్నా, పది రూపాయలు కట్టమన్నా వదిలేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఇంకో మాట, పేజీ కంపెనీది కాబట్టి పోస్టు తీసేయడం వాళ్ల చేతిలో పని. రాసిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

వారం పది రోజులైనా కదలిక లేకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆన్‌లైన్‌లో రాయడం చేతకాని పెద్దవాళ్లకు నేను మొదటే ఇది చెబుతాను. హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, అంతేగానీ ఆదేశం ఇచ్చే అధికారం వాళ్లకు లేదు.

షాపు ఓనర్‌ని అడగడం వల్ల నాకు బిల్లు కాపీ దొరికింది, అంతకుమించి ఏమీ లేదు. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు ఆ సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయవచ్చు. 48 గంటల్లో అందిందని చెప్పి, నెలలోపు పరిష్కరించాలని 2020 నాటి రూల్ ఉంది.

ఇవేవీ పని చేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్లో ఇంటి నుంచే. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. నేను తీసిన స్క్రీన్‌షాట్లు ఇంకా ఫోన్‌లోనే ఉన్నాయి, వారంటీ అయ్యేవరకు తీసేయను.