రీగాలో కాపురం, వారాంతాల్లో తిరుగుళ్ళు: ఏళ్ళ తరబడి ఉన్నాక నా మాట

లాత్వియాకి చదువు కోసం వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో చేరి, రాజధాని రీగాలోనే కాపురం పెట్టాను. ఊరి నుంచి ఫోన్ చేసే తమ్ముళ్ళు రెండే అడుగుతారు: "అన్నా, జీతాలెలా ఉంటాయి? చలెంత ఉంటుంది?" రెండింటికీ జవాబు చెబుతాను. కానీ ఇక్కడ మనిషి నిలబడతాడా, సర్దుకుని వెళ్ళిపోతాడా అన్నది శనాదివారాలు ఎలా గడుపుతాడన్న దాని మీదే ఉంటుందని నా గట్టి నమ్మకం. గది తలుపేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్ళకి రెండో చలికాలానికే విసుగు పుట్టి, ఈ దేశంలో ఏముందని అడగడం చాలాసార్లు విన్నాను. వానైనా మంచైనా బూట్లేసుకుని రైలెక్కేవాళ్ళ నోట ఆ మాట వినలేదు.

ముందు జీతం సంగతి. జర్మనీ, నెదర్లాండ్స్‌తో పోల్చి చూసుకుంటే నిరాశే. 2025లో ఇక్కడ కనీస వేతనం నెలకి 740 యూరోలు. ఐటీలో ఉన్నవాళ్ళకి అంతకన్నా చాలా బాగా వస్తుంది గానీ, అప్పు చేసి వచ్చి రెండేళ్ళలో తీర్చేద్దామనుకునేవాళ్ళకి మాత్రం ఇది సరైన చోటు కాదు. బయట చిన్న పని దొరకాలన్నా కాస్త లాత్వియన్ రావాలి. శాశ్వత నివాసానికి ఆ భాషలో ఏ2 స్థాయి, అంటే రోజువారీ మాటలకి సరిపడే స్థాయి, పరీక్ష పాసవ్వాలి. దిగిన మొదటి నెల నుంచే సాయంత్రం తరగతుల్లో చేరితే మంచిది. కొట్లో రెండు ముక్కలు వాళ్ళ భాషలో మాట్లాడితే కౌంటర్ దగ్గర మనిషి ముఖమే మారిపోతుంది.

ఇల్లు. మేం ఉండేది పుర్వ్‌సియెమ్స్‌లో, సోవియట్ కాలంలో కట్టిన తొమ్మిదంతస్తుల కాంక్రీటు భవనంలో. బయటికి బూడిదరంగులో దిగులుగా కనిపిస్తుంది. లోపల రేడియేటర్లు వెలిగాయంటే బనీనుతో తిరగొచ్చు. ఊరంతటికీ వేడినీళ్ళు గొట్టాల్లో వచ్చే పద్ధతి కాబట్టి హీటింగ్ ఎప్పుడు మొదలవ్వాలన్నది మన ఒక్కరి చేతిలో ఉండదు, మొత్తం భవనానికి కలిపే మొదలవుతుంది. అక్టోబరులో ఆ ముందరి వారం రోజులే అసలు చలి. అద్దెకి దిగేటప్పుడు ఓనర్ని తప్పనిసరిగా జనవరి బిల్లు చూపించమని అడగండి. నేను మొదట దిగిన ఇంటాయన జూన్ బిల్లు చూపించి సంతకం పెట్టించుకున్నాడు. జనవరికి ఆ అంకె రెండింతలు దాటింది. అద్దె తక్కువని మురిసిపోయే పాత చెక్క ఇళ్ళలో ఈ బాధ ఇంకా ఎక్కువ.

ట్రామ్, ట్రాలీబస్సు, బస్సు అన్నింటికీ ఒకటే టికెట్. 90 నిమిషాల టికెట్ యూరోన్నర, ఆ లోపల ఎన్ని బండ్లు మారినా అదే. కారు లేకపోతే ఎలా అనే బెంగ ఇక్కడ అక్కర్లేదు. ఖాళీ సీసాలు పారేయకండి, కొన్నప్పుడు డిపాజిట్‌గా తీసుకున్న 10 సెంట్లు ఒక్కోదానికి సూపర్‌మార్కెట్లో మెషిన్ వెనక్కిస్తుంది.

ఇక తిండి. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. రైల్వే స్టేషన్ పక్కనే సెంట్రల్ మార్కెట్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం జెప్పెలిన్ అనే గాలి ఓడల కోసం కట్టిన షెడ్ల పైభాగాలు తెచ్చి, వాటితో ఐదు పెద్ద హాళ్ళు లేపి 1930లో తెరిచారు. మాంసానికొకటి, పాలకొకటి, కూరగాయలకొకటి, చేపలకొకటి అలా. ఇండియన్ కొట్లో కందిపప్పు, చింతపండు, ఆవపిండి దొరుకుతాయి గానీ ఆకుకూరల దగ్గరే మనవాళ్ళంతా దిగులు పడతారు. మే నెలలో ఈ మార్కెట్‌కి వెళ్ళండి. బయట వరసల్లో పల్లెటూళ్ళ నుంచి వచ్చిన ముసలమ్మలు చిన్న చిన్న కట్టలుగా స్కాబెనెస్ అనే ఆకు అమ్ముతుంటారు. అది మన చుక్కకూరకి సొంత చుట్టం, ఒకే జాతి మొక్క. ఆకు మన దానికన్నా పొడుగ్గా, బాణం మొనలా ఉంటుంది. నోట్లో వేసుకుంటే అదే పులుపు. వేడి తగలగానే పచ్చరంగు పోయి నీరుకావి రంగుకి తిరిగి, రెండు నిమిషాల్లో కరిగి పప్పులో కలిసిపోతుంది. వెల్లుల్లి, ఎండుమిరపకాయ, ఇంగువతో పోపు పెట్టి ఆ పప్పు వేడన్నంలో కలుపుకుని తిన్న రోజున మా ఆవిడ ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పింది. ఇక్కడివాళ్ళు దాంతో సూప్ చేసుకుంటారు, పైన ఉడికించిన గుడ్డూ మీగడా వేసి. అదీ బాగానే ఉంటుంది. మామిడికాయ లేని లోటు పచ్చి గూస్‌బెర్రీలు తీరుస్తాయి, జూన్ చివర్లో వస్తాయి.

చేపల హాల్లో తొట్లలో కార్ప్ చేపలు బతికే ఉంటాయి. మనూళ్ళో బంగారుతీగ అనేది ఇదే. అడిగితే పొలుసు తీసి ముక్కలు కొట్టిస్తారు, తల కూడా ఇమ్మని చెప్పాలి, లేకపోతే పక్కన పడేస్తారు. పులుసుకి ఇంతకన్నా మంచి చేప ఇక్కడ నాకు దొరకలేదు. డిసెంబరు చివర్లో ధర పెరుగుతుంది, కొత్త సంవత్సరానికి ఆ చేప పొలుసు పర్సులో పెట్టుకుంటే ఏడాదంతా డబ్బుకి లోటుండదని వీళ్ళ నమ్మకం. మా ఆఫీసులో పెద్దావిడ ఒకరు మాకూ ఒక పొలుసు ఇచ్చారు, భద్రంగా దాచుకున్నాం. ఒక్క మాట: ఇక్కడ హోటల్లో ఏది తిన్నా సోయకూర పైన చల్లే ఇస్తారు. అది గిట్టనివాళ్ళు ముందే చెప్పుకోవాలి. పెరుగు మాత్రం ఇంట్లో తోడుపెట్టుకోవడమే మేలు.

చలి కన్నా చీకటే కష్టం. డిసెంబరులో సూర్యుడు పొద్దున తొమ్మిదికి వచ్చి, మధ్యాహ్నం నాలుగు కాకముందే వెళ్ళిపోతాడు. ఆ వచ్చినవాడు కూడా మబ్బుల వెనకే. డాక్టర్ని అడిగి విటమిన్ డి వేసుకోండి. వీధి దీపాలు చాలని చోట చీకట్లో నడిచేటప్పుడు కోటుకి మెరిసే పట్టీ తగిలించుకోవడం ఇక్కడ చట్టం. కాలిబాట మీద ఎరుపూ తెలుపూ రిబ్బను కట్టి ఉంటే పైకప్పు నుంచి మంచుకడ్డీలు రాలుతున్నాయని అర్థం, అటు దాటకండి. ఆ చీకట్లోనే నవంబరు 11న రీగా కోట గోడ వెంబడి వేలమంది దీపాలు పెడతారు, దేశం కోసం పోరాడి పోయినవాళ్ళ జ్ఞాపకంగా. పిల్లల్ని ఎత్తుకుని వచ్చి వాళ్ళ చేత కూడా పెట్టిస్తారు. ఆ రాత్రి అక్కడికి వెళ్ళొస్తే చలికాలం మీద కోపం కాస్త తగ్గుతుంది.

ఇప్పుడు తిరుగుళ్ళు. దేశం చిన్నది కావడం వల్ల శనివారం టిఫిన్ చేసి బయల్దేరినా రాత్రి భోజనానికి ఇల్లు చేరొచ్చు. రైల్లో అరగంటకి సముద్రపు ఒడ్డున ఉన్న యూర్మల. అందరూ జులైలో పోతారు, నేను ఫిబ్రవరిలోనే వెళ్ళమంటాను. ఇసక గడ్డకట్టి రోడ్డులా గట్టిపడి ఉంటుంది, ఒడ్డున మంచు పలకలు ఒకదాని మీదొకటి పేరుకుని ఉంటాయి, మైళ్ళకొద్దీ నడవొచ్చు. డుబుల్టిలో దిగి మయోరి దాకా నడిచి అక్కడ రైలెక్కడం మాకు అలవాటు. వేసవిలో చిన్నపిల్లలున్నవాళ్ళకి సుఖం, ఒడ్డు నుంచి చాలా దూరం దాకా నీళ్ళు లోతుండవు.

సిగుల్డకి మాత్రం సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో పోవాలి. గౌయ నది లోయంతా పసుపూ ఎరుపూ అయి ఉంటుంది, 1969 నుంచి నడుస్తున్న కేబుల్ కారు లోయ మీదుగా దాటిస్తుంది. గూట్మానిస్ గుహలో గోడల నిండా పేర్లు చెక్కి ఉంటాయి, కొన్ని పదిహేడో శతాబ్దానివి. అక్కణ్ణుంచి ఎర్ర ఇటుకల తురైద కోట దాకా ఎక్కితే కాళ్ళు లాగుతాయి గానీ పైనుంచి కనిపించే దృశ్యానికి అదేమంత ఖరీదు కాదు. కుల్దీగాకి రైలు లేదు, బస్సులో దూరం. అయినా వసంతంలో ఒక్కసారి వెళ్ళి తీరాలి: 249 మీటర్ల వెడల్పుతో ఐరోపాలోనే అతి వెడల్పైన జలపాతం అక్కడే, ఎత్తు మాత్రం మనిషెత్తు. ఏటికెదురీదే చేపలు ఆ అంచు మీదకి ఎగిరి ఎగిరి దూకుతుంటాయి.

నాకన్నిటికన్నా ఇష్టమైంది క్యెమెరి బురదనేల. స్టేషన్ నుంచి మూడు కిలోమీటర్ల పైచిలుకు అడవి దారిన నడిచాక, చెక్కపలకల బాట మొదలవుతుంది. చిన్న చుట్టు, పెద్ద చుట్టు రెండున్నాయి. పెద్దది 3.4 కిలోమీటర్లు, అదే నడవండి. రెండువైపులా నల్లటి నీటిగుంటలు, నాచు మెత్తలు, ఎన్నో ఏళ్ళ వయసున్నా భుజం దాటని పైన్ చెట్లు. పలక పక్కన ఒంగి చూస్తే నాచులో గోరంత ఎర్రటి ఆకులు, వాటి వెంట్రుకల చివర జిగురు చుక్కలు: పురుగుల్ని పట్టి తినే సన్‌డ్యూ మొక్క. పలక దిగి నాచు మీద కాలు పెట్టకూడదు, మనిషి కూరుకుపోతాడు, నాచూ చస్తుంది. పొద్దున్నే మంచు తెర ఉండగా వెళితే మంచిది. దోమల మందు మరవొద్దు.

రెండ్రోజులు దొరికితే పక్క దేశాలు. ఎస్టోనియా రాజధాని టాలిన్‌కి బస్సులో నాలుగున్నర గంటలు, అక్కణ్ణుంచి ఓడెక్కితే రెండు గంటల్లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి. సరిహద్దులో మామూలుగా ఎవరూ ఆపరు. అయినా పాస్‌పోర్టు, నివాస కార్డు రెండూ దగ్గరుంచుకోండి, ఎప్పుడో ఒకసారి బస్సు ఎక్కి చూస్తారు. లిథువేనియా రాజధాని విల్నియస్‌కి ఇప్పుడు నేరుగా రైలుంది. అక్కణ్ణుంచి అరగంటలో త్రాకై, చెరువు మధ్య కోట. ఆ ఊళ్ళో కరాయిమ్‌లనే చిన్న జాతి ఉంది, పద్నాలుగో శతాబ్దం చివర్లో లిథువేనియా పాలకుడు విటౌటస్ క్రిమియా నుంచి తెచ్చి స్థిరపరిచాడు. వాళ్ళు చేసే కిబినై అంచు మడిచిన కజ్జికాయలా ఉంటుంది, లోపల మటన్. వేడిగా తినాలి, రసం కారుతుంది.

ఈ బస్సు దారుల్లో పోతున్నప్పుడు 1989 ఆగస్టు 23 గుర్తురాకుండా ఉండదు. ఆ రోజు టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా దాదాపు ఇరవై లక్షల మంది చేతులు పట్టుకుని నిలబడ్డారు, సోవియట్ పాలన వద్దని. పొలుసు ఇచ్చిన పెద్దావిడ కూడా ఆ వరసలో ఉన్నారట. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు, ఆ రోజు గురించి చెబుతున్నప్పుడు మాత్రం గొంతు పెరిగింది. ఇక్కడివాళ్ళు పొడిపొడిగా ఉంటారని మనవాళ్ళు అంటారు. నిజమే, పలకరింపులు తక్కువ. కానీ 2023లో రీగాలోని మెజాపార్క్స్‌లో పాటల పండుగ ముగింపు రాత్రి చూశాను. 1873లో మొదలైన ఆ పండుగకి అది నూట యాభయ్యో ఏడు. పదివేలకి పైగా గొంతులు ఒక్కసారి లేస్తే పక్కనున్న ముక్కూమొహం తెలియని ముసలాయన నా భుజం పట్టుకున్నాడు. ఆ తర్వాత వీళ్ళని పొడి మనుషులని నేనెప్పుడూ అనలేదు.

అమ్మానాన్నల్ని తీసుకురావాలనుకుంటే మే చివరి నుంచి జూన్ దాకా మంచి కాలం. రాత్రి పది దాటాక గానీ పొద్దు గుంకదు. మా అమ్మకి సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలో తోచక, చివరికి మనూరి టైము ప్రకారమే పెట్టుకుంది. జూన్ 23, 24 తేదీల్లో జరిగే నడివేసవి పండుగకి ఎవరైనా వాళ్ళ పల్లెకి రమ్మంటే తప్పకుండా వెళ్ళండి. మగవాళ్ళ తలకి ఓక్ ఆకుల దండ, ఆడవాళ్ళకి పూల దండ కట్టి, సోంపు లాంటి కేరవే గింజలు వేసిన జున్ను పెట్టి, తెల్లవార్లూ మంట చుట్టూ పాడతారు. శాకాహారులకి ఆ జున్నూ, రై రొట్టే, కాల్చిన కూరగాయలూ సరిపోతాయి. పిలుపు రాకపోతే 22నే సరుకులు తెచ్చి పెట్టుకోండి, ఆ రెండు రోజులూ ఊరు సగం ఖాళీ అవుతుంది, చాలా కొట్లు మూసేస్తారు.