క్రిస్మస్ ఐలాండ్ పండగ స్టాంపులు: పీత బాగుంది, ముద్రతోనే పేచీ

మెల్‌బోర్న్‌లో డిసెంబరంటే ఎండలు. అయినా దుకాణాల్లో కార్డుల నిండా మంచూ, జింకలూ. ఆ చిరాకుతోనే క్రిస్మస్ ఐలాండ్ స్టాంపులు వాడటం మొదలుపెట్టాను. ఏళ్లు గడిచినా వాటి మీదుండే ఎర్ర పీతల మీద మోజు తగ్గలేదు. జావాకు దక్షిణాన ఉన్న ఆ ఆస్ట్రేలియా దీవిలో వానలు మొదలవగానే పీతలు అడవి వదిలి గుడ్లు పెట్టడానికి సముద్రం వైపు నడుస్తాయి, వాటి కోసం రోడ్లు మూసేస్తారు. అది సాధారణంగా సంవత్సరం చివర్లోనే. అందుకే పండగ స్టాంపు మీద పీత అతికించినట్టు ఉండదు. దీవి జెండా మీదుండే బంగారు బోసన్ పక్షి కూడా అందమైనదే, కానీ నా ఓటు పీతకే.

పేచీ పోస్టాఫీసు వాళ్లు వేసే ముద్రతో. కాకినాడలో మావయ్య స్టాంపులు సేకరిస్తాడు. స్టాంపు మూలన గుండ్రటి ముద్ర చక్కగా పడాలి ఆయనకి. నేను పోస్టు డబ్బాలో వేసిన కవర్లు కొన్ని ముద్రే లేకుండా చేరాయి. ఒకదాని మీద ముద్రకి బదులు ఎవరో పీత నడుం మీదుగా పెన్నుతో గీత లాగారు. "పులుసు పెట్టకుండానే పీతని చంపేశార్రా!" అని ఫోన్లో ఒకటే గోల.

ఆ తర్వాత కవరు పట్టుకుని కౌంటర్‌కే వెళ్లాను. అక్కడి అమ్మాయి స్టాంపు చూసి, ఇది వేరే దేశానిది, చెల్లదంది. కింద ఆస్ట్రేలియా అని ఉందిగా అని చూపించాను. 1993 నుంచి ఇవి దేశమంతా చెల్లుతున్నాయి. లోపలికెళ్లి ఎవరినో అడిగొచ్చి, నవ్వుతూ ముద్ర వేసింది. తీరా ఆ ముద్ర కాస్తా అలుక్కుపోయింది! స్టాంపు కాగితం నున్నగా ఉండటం వల్ల ఇంకు త్వరగా ఆరదు. ఇప్పుడు ఆరేదాకా పక్కన నిలబడి, అప్పుడు ఇస్తున్నాను. బొమ్మల్లో అంత బాగా మెరిసే ఆ నునుపే ఇక్కడ ఇబ్బంది.

నాకు ఆఫీసు పక్కనే పోస్టాఫీసు ఉంది కాబట్టి సాగుతోంది. డిసెంబరు క్యూలో నిలబడే ఓపిక లేనివాళ్లు ముద్ర మీద ఆశ పెట్టుకోవద్దు. తక్కువ విలువ పండగ స్టాంపు దేశం లోపల పంపే కార్డులకే, ఇండియాకి ఎక్కువ విలువది కావాలి. ముద్ర అక్కర్లేదు, కొత్త సెట్టు ఆల్బంలో పెట్టుకుంటే చాలు అనుకునేవాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మావయ్య మాత్రం ఒప్పుకోడు.