ఫెట్ వెక్టర్ అడిషన్ సిమ్యులేషన్: తీసివేతకి కూడా ఇదే వాడండి

పేరులో అడిషన్ (కూడిక) అని ఉంది కదా అని వదిలెయ్యకండి, వెక్టర్ల (అంటే సైజుతో పాటు దిశ కూడా ఉండేవాటి) తీసివేతకి ఫ్రీగా దొరికేవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఫెట్ (PhET) అనేది అమెరికాలో కొలరాడో బౌల్డర్ యూనివర్సిటీ వాళ్ళది, 2001లో ఫిజిక్స్ నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ ఆ మరుసటేడు మొదలుపెట్టిన ప్రాజెక్టు. లాగిన్ గొడవ లేదు, బ్రౌజర్లో తెరిస్తే చాలు. ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదివే మా తమ్ముడి కోసం పెట్టా, ఇప్పుడు వాడికన్నా నేనే ఎక్కువ ఆడుతున్నా.

లోపల నాలుగు స్క్రీన్లుంటాయి, మనకి పనికొచ్చేది చివరిది, ఈక్వేషన్స్. అందులో ఎ మైనస్ బి అనే ఆప్షన్ నొక్కి, ఎ, బి వెక్టర్ల ఎక్స్, వై కాంపొనెంట్లు (అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అనే భాగాలు) మారుస్తూ పోతే జవాబు చూపించే సి బాణం దానంతటదే కదులుద్ది.

మన పాత వాన-గొడుగు లెక్క వేసి చూడండి. వాన నిలువుగా సెకనుకి 4 మీటర్ల స్పీడు, మనిషి తూర్పుకి 3 మీటర్ల స్పీడు, గొడుగు ఎటు ఎంత వంచాలి? మావాడు 4లోంచి 3 పోతే 1 అనేశాడు, క్లాసులో సగం మంది అనేది అదే. నడిచేవాడికి వాన ఎటునుంచి వస్తున్నట్టుంటుందో తేలాలంటే వాన వేగంలోంచి మనిషి వేగం తీసెయ్యాలి. వానని ఎ అనుకుని ఎక్స్ 0, వై మైనస్ 4 (కిందకి కాబట్టి మైనస్) పెట్టండి, మనిషిని బి అనుకుని ఎక్స్ 3, వై 0. ఎక్స్‌లోంచి ఎక్స్ తీస్తే మైనస్ 3, వైలోంచి వై తీస్తే మైనస్ 4, అంతే, బాణం కిందకి వెనక్కి వాలిపోద్ది, పొడవు చూస్తే 5! తీసేస్తే పెరగడమేంటన్నా అని కాసేపు వాదించాడు, కాంపొనెంట్లు ఆన్ చేసి 3, 4 భుజాల ట్రయాంగిల్ చూపిస్తే గానీ ఒప్పుకోలా. ట్యాన్ థీటా 3/4, అంటే నిలువు నుంచి దాదాపు 37 డిగ్రీలు ముందుకి వంచాలి గొడుగు. కోణం మాత్రం ఇందులో ఎక్స్ యాక్సిస్ నుంచి కొలుస్తారు కాబట్టి స్క్రీన్ మీద 37 కనపడలేదని కంగారుపడకండి.

ఇంకోటి, బి వై (అంటే బి కి వై కాంపొనెంట్) ని మైనస్ 2 చేసి ఎ వై ని 3 చేయండి, సి వై 1 కాదు 5 అవుద్ది. మైనస్ ఆఫ్ మైనస్, పరీక్షలో మార్కులు ఎగిరిపోయేది సరిగ్గా ఇక్కడే.

లోటు ఏంటంటే వానా, పడవా లాంటి కథ ఏమీ ఉండదు, ఉత్త బాణాలే, కాబట్టి పక్కన ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. ముందు నోట్సులో ఐ క్యాప్, జె క్యాప్ (ఎక్స్, వై దిశలకి వాడే గుర్తులు) రాసి ఆన్సర్ తేల్చాకే సి వైపు చూడమనండి, లేకపోతే బాణాలు లాక్కుంటూ టైంపాస్ చేస్తారు, రేపు జేఈఈలో ఈ స్క్రీనూ ఉండదు క్యాలిక్యులేటరూ ఉండదు. ల్యాప్‌టాప్ ఉంటే అందులోనే పెట్టండి, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది.