హ్యుమానిటీస్ కౌన్సిల్ మినీ గ్రాంటు: కొన్నేళ్లు వాడాక

అమెరికాలో చరిత్ర, సాహిత్యం లాంటి వాటి మీద జరిగే కార్యక్రమాలకు రాష్ట్రాల హ్యుమానిటీస్ కౌన్సిళ్లు ఇచ్చే చిన్న గ్రాంట్ల గురించి ఎవరడిగినా నేను ముందు కాస్ట్ షేర్, అంటే మనం పెట్టాల్సిన వాటా సంగతే ఎత్తుతాను. ప్రపోజల్ ఎలా రాయాలి, గడువెప్పుడు, ఫెడరల్ నిధులకు సంస్థలు తీసుకోవాల్సిన యూఈఐ అనే గుర్తింపు నంబరు ఎలా తెచ్చుకోవాలి లాంటివన్నీ కౌన్సిల్ సైట్‌లోనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. మా తెలుగు సంఘంలో ఈ మాట మొదటిసారి వచ్చినప్పుడు, కౌన్సిల్ ఎంత ఇస్తే మనమూ అంత పెట్టాలట అని తెలియగానే కమిటీలో సగం మంది వద్దనేశారు. ఉన్న నిధి హాళ్ల అద్దెకే చాలదు మరి. తీరా నిబంధనలు పూర్తిగా చదివితే, పెట్టాల్సింది డబ్బే కానక్కర్లేదని ఉంది. వాలంటీర్లు పనిచేసిన గంటలకు విలువ కట్టి, మన వాటా ఇదీ అని చూపించవచ్చు. ఏళ్ల తరబడి సంఘం పనులు ఊరికే చేస్తూ వచ్చిన నాకు ఆ ఒక్క వాక్యం ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

మా ప్రాజెక్టు మౌఖిక చరిత్ర. ఇక్కడికి ముందుగా వచ్చిన తెలుగు కుటుంబాల పెద్దలతో మాట్లాడి రికార్డు చేయడం, దాన్ని రాతలో పెట్టడం, ఇంగ్లీషులోకి మార్చడం, లైబ్రరీకి ఇవ్వడం. దీనికి ఒక చిత్రమైన పొత్తు కుదిరింది. ఈ కౌన్సిళ్లకు నిధులిచ్చే నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ అనే ఫెడరల్ సంస్థ ఏ చట్టంతో పుట్టిందో దాని మీద అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 సెప్టెంబరు 29న సంతకం పెట్టాడు. దేశాలవారీ కోటాలు తీసేసి మనవాళ్లు రావడానికి దారి వేసిన వలస చట్టం మీద ఆయనే అక్టోబరు 3న సంతకం పెట్టాడు. మధ్యలో నాలుగు రోజులే తేడా. రెండో చట్టం వల్ల వచ్చినవాళ్ల కథల్ని మొదటి చట్టం డబ్బుతో రికార్డు చేస్తామని ప్రపోజల్‌లో రాశాను. రివ్యూ చేసినవాళ్లకు అది బాగా నచ్చిందట.

లెక్క ఇలా ఉంటుంది. వాలంటీరు గంట విలువ ఇంత అని ఇండిపెండెంట్ సెక్టార్ అనే సంస్థ ఏటా ఒక అంకె ప్రకటిస్తుంది. 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది 33.49 డాలర్లు. మా కౌన్సిల్ మామూలు పనులకు ఆ రేటే ఒప్పుకుంది. ఆ లెక్కన 5,000 డాలర్ల గ్రాంటుకు దాదాపు 150 గంటల పని చూపిస్తే మన వాటా తీరిపోయినట్టే. మౌఖిక చరిత్రలో 150 గంటలు ఒక మూలకు రావు. గంటసేపు సాగిన సంభాషణను విని పొల్లుపోకుండా రాయడానికే నాలుగైదు గంటలు పడుతుంది.

మధ్యలో ఒక మాట. నాటకం వేయడానికో, కచేరీ పెట్టడానికో అయితే ఈ తలుపు తట్టకండి, అది ఆర్ట్స్ కౌన్సిల్ వ్యవహారం. నాటకం అయ్యాక పండితుణ్ణి కూర్చోబెట్టి దాని చరిత్ర మీద చర్చ పెడితే మాత్రం ఇక్కడ అడగవచ్చు. ఈ గీత కాస్త విడ్డూరంగానే ఉంటుంది గానీ, వాదించి లాభం లేదు.

నేను అసలు ఊహించని లాభం ఇంకొకటి ఉంది. గంటలు లెక్కలోకి రావాలంటే టైమ్‌షీట్ ఉండాలి: తేదీ, పని, ఎన్ని గంటలు, సంతకం. మొదటి విడత షీట్లన్నీ టేబుల్ మీద పరిచి కూడుతుంటే మా కోశాధికారి అనుమానమొచ్చి కాలిక్యులేటర్‌లో మళ్లీ మొదటినుంచీ కొట్టాడు. వేదిక మీద మైకు పట్టుకునేవాళ్ల గంటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందరికంటే ఎక్కువ గంటలు, సంఘం ఫొటోల్లో ఎప్పుడూ కనిపించని ఒక ఆంటీవి. ఆవిడ షీట్ నిండా ఒకటే మాట, ఫోను, ఫోను, ఫోను. ఇంటర్వ్యూకి ఒప్పించడానికి ఒక్కొక్కరికీ ఎన్నిసార్లు చేశారో, వాళ్ల మోకాళ్ల నొప్పుల సంగతీ మనవల చదువుల సంగతీ ఎంత ఓపిగ్గా విన్నారో అంతా ఆ షీట్‌లో ఉంది. “ఇది కూడా పనేనా అమ్మాయ్? కబుర్లు చెప్పుకున్నాం, అంతేగా” అని సంతకం పెట్టనన్నారు. ఆ కబుర్లు లేకపోతే రికార్డర్ ముందు కూర్చునే మనిషే దొరికేవాడు కాదని చెప్పి పెట్టించాను. తర్వాతి ఎన్నికల్లో ఆవిడ పేరు కమిటీకి వేరేవాళ్లే ప్రతిపాదించారు. ఇన్నేళ్లూ సంఘంలో ఎవరికీ తట్టని సంగతి ఒక గ్రాంటు ఫారం వల్ల బయటపడింది.

అందరూ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. రిటైరైన డాక్టరుగారొకరు సభలప్పుడు కుర్చీలు సర్దడానికి వస్తుంటారు. 2 సీఎఫ్ఆర్ 200.306 అనే ఫెడరల్ నిబంధన ప్రకారం రేటు చేసిన పనిని బట్టి ఉంటుంది, చేసిన మనిషి హోదాకి సంబంధం లేదు. కుర్చీలు సర్దితే డాక్టరుకైనా కుర్చీలు సర్దే రేటే. ఆ సంగతి చెప్తే, “అయితే నా గంటా మా మనవడి గంటా ఒకటేనా?” అన్నారు. అంతే అంకుల్ అన్నాను. నవ్వారు గానీ సంతకం మాత్రం పై వారం పెట్టారు. “సేవకి సంతకమేంటమ్మా, కూలికొచ్చామా?” అని పూర్తిగా తప్పుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల గంటలు మాకు దక్కలేదు.

ఇక ఇబ్బంది. మధ్యలో కౌన్సిల్‌లో మా ఫైలు చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్ మారారు. ఇంట్లో కూర్చుని అనువాదం చేసేవాళ్లకు రోజువారీ షీట్ అక్కర్లేదు, నెలకోసారి మొత్తం గంటలు ఈమెయిల్ చేస్తే చాలని పాతాయన చెప్పారు. కొత్తగా వచ్చినావిడ తుది రిపోర్టు సమయంలో ఇంకో ఫారం పంపి, మొదటినుంచీ అన్నీ ఇందులోనే ఉండాలన్నారు: ఏ రోజు, ఏ పని, ఏ రేటు, ఆ రేటుకి ఆధారమేంటి. జీతగాళ్ల గంటలు ఎలా రాసిపెడతారో వాలంటీర్ల గంటలు కూడా వీలైనంతవరకు అలాగే రాసిపెట్టాలన్నది నిబంధనే, ఆవిడ కల్పించింది కాదు. కానీ మా అనువాదకులు పిల్లలు పడుకున్నాక అరగంటా ముప్పావుగంటా చొప్పున చేసిన పని అది. ఏడాది కిందటి ఏ మంగళవారం ఎన్ని నిమిషాలు కూర్చున్నారో ఎవరికి గుర్తుంటుంది? గుర్తులేని తేదీలు వేసి సంతకం పెట్టమని నేను ఎవరినీ అడగలేను. పాతాయన ఈమెయిల్ చూపిస్తే, “ఆయన ఉద్దేశం అది అయి ఉండదు” అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

చివరికి దారి చూపింది అనువాదకుల్లో అందరికంటే చిన్నమ్మాయి. ఫైళ్ల ఎడిట్ హిస్టరీలో ఎవరు ఏ రోజు ఎన్నింటికి ఏ పేరా మార్చారో అంతా ఉంది. రాత్రి 11:40, 12:15, ఇలా. దాన్నంతా ప్రింటు తీసి, తేదీలవారీగా పేర్చి పంపాం. అందులో కొంత ఒప్పుకున్నారు. ఆన్‌లైన్‌లో కాకుండా కాగితం మీద చేసినవాళ్ల గంటలు మాత్రం గంగపాలు. ఈలోగా గ్రాంటులో కౌన్సిల్ ఆపిపెట్టుకున్న చివరి పది శాతం నెలల తరబడి రాలేదు. ప్రాజెక్టులో పాలుపంచుకున్న పండితుడికి ఇవ్వాల్సిన గౌరవ పారితోషికం మా కోశాధికారి సొంత జేబులోంచి సర్దాడు. ఆ టెన్షన్‌లో ఆయన మళ్లీ గ్రాంటు మాటెత్తితే రాజీనామా అన్నాడు. ఆ బెదిరింపు ఇంకా అమల్లోనే ఉంది.

ఇంకో కినుక కూడా ఉంది. కథ చెప్పిన పెద్దల గంటల్ని మా కౌన్సిల్ లెక్కలోకి తీసుకోలేదు. వాళ్లు ‘పాల్గొన్నవారు’ అట, వాలంటీర్లు కారట. పాత ఆల్బమ్‌లు అటక మీంచి దింపించి, మూడేసి గంటలు గొంతు ఎండిపోయేలా మాట్లాడినవాళ్ల సమయానికి సున్నా. మైకు స్టాండు పట్టుకున్న కుర్రాడికి 33.49.

డబ్బు పెట్టక్కర్లేదని మొదట్లో అన్నాను కదా, దాన్ని కాస్త సవరించుకోవాలి. గంటలతో మన వాటా తీరుతుంది గానీ బిల్లులు తీరవు. రికార్డర్లు, ప్రింటింగు, పారితోషికం అన్నీ గ్రాంటు డబ్బులోంచే రావాలి, అది విడతలుగా వస్తుంది. చేతిలో కొంచెం నగదు ఆడని సంఘానికి ఇది ఇరకాటమే. వేరే ఫెడరల్ గ్రాంటు డబ్బును ఇక్కడ వాటాగా చూపించడానికి కూడా మామూలుగా కుదరదు.

2025 ఏప్రిల్ తర్వాత పరిస్థితి ఇంకా మారింది. దేశంలోని 56 కౌన్సిళ్లకు వెళ్లే ఫెడరల్ నిధుల్ని ప్రభుత్వం మధ్యలో రద్దు చేసింది. మెలన్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ 1.5 కోట్ల డాలర్ల అత్యవసర సాయం ప్రకటించింది, వ్యవహారం కోర్టులకెక్కింది. కాబట్టి నేను చెప్పిన నిబంధనలు మీ రాష్ట్రంలో ఇప్పుడు అలాగే ఉన్నాయో లేదో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.

నాకైతే పెట్టిన శ్రమకు ఫలితం దక్కిందనే అనిపిస్తుంది. కానీ మాకు రిటైరైనవాళ్లు ఎక్కువ, లెక్కలు తెలిసిన కోశాధికారి ఉన్నాడు, అనువాదం చేయగల పిల్లలున్నారు. నలుగురైదుగురే నడిపే సంఘమైతే ఆ కాగితాల పని కంటే చందాలు వసూలు చేసుకోవడమే సుఖం కావచ్చు. వెళ్లాలనే అనుకుంటే మాత్రం, ఒప్పందం మీద సంతకం పెట్టే రోజే టైమ్‌షీట్ ఫారం ఏదో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఆఫీసర్ మారితే మళ్లీ అడగండి.